దుప్పటిదొర, మరి

"నువ్వు నా తోకవి కదే సుంకీ! తోకకు మళ్లా పుస్తకాలేంది?" అన్నాడు మా అన్న.

"తోక తెగిన ఎద్దును యాడన్నా చూసినావానా? ఈగలు పీక్కోని తింటాయి దాన్ని," అన్నాను నేను.

"హెడ్మాస్టరుగా చేసినోణ్ణే నేను. నన్ను ఈగలు తినేదేంది?"

"హెడ్మాస్టరని ఈగలకు తెలుసా? నువ్వేమన్నా వాటికి హాజరు పిలిచినావా?"

"మాటకు మాట ఆపు. ఆ బొమ్మల పుస్తకాలు హాస్టల్నుంచి మోసుకొచ్చింది నేను. రేపు పొద్దున మన ఊరి బడిలో లైబ్రరీ గది తెరుస్తాండారు. పెట్టె బీగంచెవి ఇట్లియ్యి."

"మోసుకొచ్చింది నువ్వే, కాదన్లే. ఇన్నేండ్లు ఉంచింది ఎవురు?"

"ఉంచేదేముందే దాంట్లో? పెట్టెలో పడుంటాయి, ఉంటాయి."

"ఆ మాట పోయి చెదలకు చెప్పిరా. నీ పెండ్లి పొటోనే తినేసినాయి కదా నీ ఇంట్లో."

"ఇప్పుడేమంటావు?"

"బోర్డు మీద నీ పేరొక్కటే రాపిచ్చినావు. నా పేరూ పడాల. పడకుంటే పెట్టె తెరిచేది లేదు."

"దాత అంటే ఒకడుంటాడే. పెయింటు గూడా ఆరిపాయ."

"ఆరితే ఇంకోసారి పూస్తారు. పెయింటేమన్నా వానానా, మన ఊరికి ఒకసారొచ్చి మళ్లా రాకుండా పోయేకి?"

మా అన్న పేరు తిప్పేస్వామి. ఎన్నో బళ్లు తిరిగి, కడాన హెడ్మాస్టరై, అనంతపురంలో ఇల్లు కట్టుకోని ఆడనే ఉంటాడు. నేను సుంకమ్మను. రెండో తరగతి మధ్యలో పలక గూట్లో పెట్టినదాన్ని. నాది ఇల్లటం పెండ్లి, మొగుణ్ణే మా ఇంటికి తెచ్చుకున్నారు. అందుకని కుందుర్పి పక్కనుండే మా పల్లె దాటలేదు. మా నాయన ఇంట్లోనే, మా నాయన చేన్లోనే ముసలిదాన్నైనాను. ఆ మధ్యాన్నం మా అన్న కోపమొచ్చి సంగటి ముద్ద ముట్టకుండా, మజ్జిగ మాత్రం తాగి, వసారాలో మంచమేసుకోని గోడ తట్టు తిరిగి పండుకున్నాడు. ఆయన వదిలిన ముద్దను నేను మజ్జిగలో పిసికి మాపటికి మూత పెట్టినాను. కోపం ఆయనది, రాగులు నావి.

ఆయన పండుకున్నంక బొడ్లో దోపుకున్న బీగంచెవి తీసి నేనే పెట్టె తెరిచినాను. మొదట వసకొమ్ము వాసన, తర్వాత ఎండిన యాపాకు వాసన, అన్నిటికీ అడుగున పాత బెల్లం వాసన. ఏటా ఎండాకాలం మిరపకాయలు ఆరబెట్టేటప్పుడు ఈ పుస్తకాల్ని గూడా పక్క మంచం మీద పరుస్తాను. దుమ్ము దులిపి, ఊడిన పుటను గోనెదారంతో కుట్టి, కొత్త యాపాకు వేసి మళ్లా సర్దుతాను. అట్లా చూసుకోకపోతే మా నేలలో కాగితమనేది బతకదు. చెదలకు మా ఊర్లో దొరికే పచ్చిమేత అదొక్కటే. పడుంటాయి, ఉంటాయంట! పడుండి ఉండేవి ఈ భూమ్మీద రాళ్లు తప్ప ఇంకేమీ లేవు.

అవి మా ఇంటికి మొదట పుస్తకాలుగా రాలేదు, పొట్లాలుగా వచ్చినాయి. మా నాయన సంత నుంచి బెల్లం తెచ్చేవాడు. ఆ అంగడాయన చిత్రదుర్గం తట్టు నుంచి చిత్తుకాగితం తెప్పించుకోని దాంట్లో కట్టిచ్చేవాడు. ఇంటికొచ్చిన ఏ వస్తువునైనా ఒక పనికే వాడి పారేస్తే మా నాయనకు ముద్ద దిగేది కాదు. నా పొదుపు ఆయన్నుంచి వచ్చిందే, దానికి నేను సిగ్గుపడను. బెల్లం అయిపోతానే కాగితానికి అంటిన తీపిని నేను నాలికతో నాకి, ఇసుర్రాయి కింద పెట్టి చదును చేసేదాన్ని. ఇప్పటికీ ఆ బొమ్మలు చూస్తే నా నోట్లో తీపి ఊరుతుంది. బొమ్మలు ఎట్లుండేవంటే, ఒకడు మెడకు దుప్పటి కట్టుకోని, పంట్లాం పైన చెడ్డీ తొడుక్కోని, మిద్దెల మీదనుంచి మిద్దెల మీదికి దూకుతాంటాడు. మా అమ్మ వాణ్ణి చూసి, "పాపం, ఏది పైన ఏది లోపలని చెప్పేకి ఇంట్లో ఆడదిక్కు లేదేమో" అనింది. మేము వాడికి దుప్పటిదొర అని పేరు పెట్టుకున్నాము. వాడి వెనక ఎప్పుడూ ఒక బుడ్డోడు ఉంటాడు. అరనిక్కరు, ముక్కు మీదికి జారే ముసుగు, చేతిలో తాడు. దుప్పటిదొర దూకితే వాడూ దూకల్ల. దుప్పటిదొర కొడితే జనం చప్పట్లు కొడతారు. ఈ బుడ్డోణ్ణి మాత్రం దొంగలు పట్టుకోని స్తంభానికి కట్టేస్తారు. వాడి పనే అది.

మా అన్న అప్పటికే కళ్యాణదుర్గం హాస్టల్లో చేరినాడు. సెలవులకొచ్చి ఆ కాగితాలు చూసి, "అంతా అచ్చుతప్పులే! అక్షరానికి తలకట్టు పెట్టేది గూడా చేతకాదు వీళ్లకు" అని రాత వదిలేసి, బొమ్మలు చూసి కత తనే అల్లుకునేవాడు. నాకు వచ్చింది అరపలక చదువు. ఏది సరైన అక్షరమో, ఏది వంకరదో తెలిసేంత చదువు నాకు లేదు. మన అక్షరం నెత్తిన చిన్న గిలక ఉంటే, వీటి నెత్తిన అడ్డంగా తలపాగా ఉంది, సంతకు పోతాండాయేమోలే అనుకోని చదువుకుంటా పోయేదాన్ని. చదివేదానికి అర్థముండాలని నాకెవురూ చెప్పలేదు.

ఒకనాడు మా అమ్మ రాగులు ఇసురుతాంది. నేను పక్కన కూర్చోని బెల్లం కాగితం ముందరేసుకోని, "బా... మరి... హెద...ర...బేడ" అని కూడబలుక్కుంటాండాను. ఇసుర్రాయి ఆగిపోయింది.

"ఏందే అది? మళ్లా చదువు."

"బా మరి, హెదరబేడ."

మా అమ్మ పిండిచేత్తోనే నోరు మూసుకోని నగింది. నగి, కండ్లు తుడుచుకోని, "ఇది మా అమ్మగారింటి మాట కదే సుంకీ! రా బిడ్డా, బయపడాకు, అంటాండాడు ఆయప్ప," అనింది.

మా అమ్మ పుట్టిల్లు కన్నడం తట్టు. ఈ ఇంటికి కోడలిగా వచ్చినంక ఆ మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది. మా జేజికి, అంటే నాయన తల్లికి, కోడలు ఇంట్లో ఇంకో భాష మాట్లాడితే తననే తిడతాందని అనుమానం. సగం దినాలు ఆ అనుమానం నిజమే అయ్యుంటాది. అట్లా మూతపడిన మాట, ఒక అక్షరం ముక్కకు అర్థం తెలియని నా నోట్లోనుంచి ఊడిపడింది. మా అమ్మకు ఏ రాతా రాదు. నాకు ఆ మాట రాదు. నాకు కండ్లు, ఆమెకు చెవులు. ఆనాటి నుంచి ఇద్దరం కలిసి ఒక మనిషిగా ఆ పొట్లాలన్నీ చదివినాము. ఆమె ఇసురుతా ఉంటే నేను చదివేది, నేను ఆగితే ఆమె తెలుగులో చెప్పేది. దుప్పటిదొర ఆ బుడ్డోణ్ణి ఎప్పుడూ "మరి" అనే పిలుస్తాడు. కన్నడంలో మరి అంటే పిల్ల, కూన. నేను మాత్రం అది మన "మరి" అనుకున్నాను. "మరి? మరేమైంది?" అని అడిగేటోడు కాబట్టి ఆ పేరు పెట్టినారేమో అనుకున్నాను. మా అమ్మ చెప్పినంక గూడా నా అర్థం నేను వదల్లేదు. ఇప్పటికీ నాదే సరైందంటాను. ఆ బుడ్డోడు "మరి?" అని అడగకపోతే దుప్పటిదొర నోరు తెరిచి తన ఉపాయం ఎవరికి చెప్పుకోవల్ల? గోడకా?

"మా అమ్మ నన్నూ అట్లనే పిల్సేది, మరీ అని," అనింది మా అమ్మ ఇంకొకనాడు. అప్పటినుంచి జేజి చెవిన పడనప్పుడు నన్ను ఆ పేరుతో పిలిచేది.

సెలవుల్లో మా అన్న ఇంటికొస్తే ఈ పొట్లాల కతలు ఆయన నోట్లో వేరే కతలయ్యేవి. హాస్టల్లో ఎవరో పారేసినవి, అవీ కన్నడంవే, పూర్తి పుస్తకాలు కొన్ని తెచ్చేవాడు. ఆయన గొప్పగా చెప్పేవాడు, అబద్ధమెందుకు. కత చెప్తే వినేవాళ్లలో ఒకరు ఊ కొట్టాల, ఊ ఆగితే కత ఆగాల, అది మా పద్ధతి. ఆయన చెప్పినన్ని కతలకూ ఊ కొట్టింది నేను. చేతిలో పని ఉన్నా కొట్టినాను, నిద్దరొస్తాన్నా కొట్టినాను. నేను చెప్తానంటే మాత్రం ఆయనకు దప్పికయ్యేది, దూడ గుర్తొచ్చేది, అర్జెంటుగా ఎవరింటికో పోవాల్సొచ్చేది. నా కతకు ఆయన ఊ కొట్టిన పాపాన పోలేదు.

అట్లా తెచ్చినవాటిల్లో ఒక పుస్తకానికి మాత్రం ఆఖరు పుట లేదు. ఎవరింటికి ఏ బెల్లం చుట్టుకోని పోయిందో! ఉన్న ఆఖరు బొమ్మలో దుప్పటిదొర పాడుబావిలో గొలుసులతో పడుంటాడు, పైన గట్టు మీద మరి ఒక్కడే తాడు పట్టుకోని తొంగిచూస్తాంటాడు. తర్వాత ఏమైందనేది మా అన్నకూ నాకూ అప్పటినుంచీ ఉండే తగాదా.

"గొలుసులు పటాపటా తెంచుకోని ఎగిరి బయటికొచ్చినాడు," అంటాడు మా అన్న.

"తెంచేంత బలముంటే కట్టేటప్పుడే తెంచుండల్ల కదా. మరి తాడేసి లాగినాడు."

"బుడ్డోడు, వాడేం లాగుతాడే?"

"చెట్టుకు ఒక చుట్టు చుట్టి లాగినాడు. మన అమ్మ బావిలోనుంచి దూడను లాగలేదా?"

"దుప్పటిదొర దూడానే?"

"కాదు. దూడైతే లాగినోళ్లను మర్చిపోదు."

ఒక ఎండాకాలం మా అన్న నాయన గొంగడిని మెడకు కట్టుకోని కొట్టం మీదికెక్కినాడు, ఎద్దుల మేతకు పేర్చిన చెనిక్కాయ కట్టె వామి మీదికి దూకేకి. "నువ్వు కింద తాడు పట్టుకోని నిలబడు" అన్నాడు. తాడు దేనికో ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు. మరి చేతిలో తాడుండల్ల, అంతే. ఆయన వామి తప్పి బండ మీద పడినాడు, చెయ్యి విరిగింది. మా నాయన పరిగెత్తుకోనొచ్చి ఆయన్ని ఎత్తుకున్నాడు. మా అమ్మ పరిగెత్తుకోనొచ్చి నన్ను కొట్టింది. "వాడు దూకుతాంటే నువ్వేం చేస్తాండావే?" అంటే, "తాడు పట్టుకోనుండానమ్మా" అన్నాను. దానికి ఇంకో దెబ్బ పడింది. ఆ తాడుతోనే మా అన్న చేతికి మెడ నుంచి ఊతం కట్టినారు. తాడుకన్నా ఒక పని దొరికింది, నాకు దెబ్బలు దొరికినాయి. దూకేవానికి దెబ్బ తగిలితే జాలి, పక్కన నిలబడినదానికి తిట్లు. ఆ బొమ్మల పుస్తకాలు రాసినోళ్లు మా ఇంటికొచ్చి చూసిపోయినారేమో అనిపించింది.

ఆ ఏడే నేను చేన్లో అక్కిడి పట్టుకున్నాను. మా పక్క ఇత్తనమేసేటప్పుడు మొగోడు ముందర గొర్రు తోల్తాడు, ఆడమనిషి దాని వెనకాల నడుస్తా చెనిక్కాయ ఇత్తనాన్ని గొర్రు మీదుండే గిన్నెలోకి జారవిడుస్తాది. ఇంకా వెనక ఒక వెదురుగొట్టం విడిగా తాడుతో ఈడ్చుకోనొస్తాది, దాన్ని పట్టుకోని కందులో అలసందలో పోసుకుంటా ఒక పక్కసాలు వేస్తారు. అదే అక్కిడి సాలు. నాయన గొర్రు, అమ్మది ఇత్తనం చెయ్యి, నాది అక్కిడి. మొలక బాగా వస్తే దోవన పోయేవాళ్లు "ఏమప్పా, బాగా ఇత్తినావే!" అని మా నాయన్ని మెచ్చుకునేవాళ్లు. యాడన్నా మొలక లేని బోడిసాలు పడితే, "యావమ్మ పోసింది ఇత్తనం?" అని అడిగేవాళ్లు. మంచి అంతా ముందరోనిది, బోడి అంతా వెనకమనిషిది. చెప్పేవాళ్లకు అది తప్పని గూడా తోచదు.

ఆ ఏడు ఇత్తనమేసినంక వాన మొహం చాటేసింది. చెనిక్కాయ చెట్టు, కాయ కట్టే ఊడ నేలలోకి దిగకముందే మాడిపోయింది. మా నాయన గట్టు మీద కూర్చోని పొగాకు నమలడం గూడా మర్చిపోయినాడు. నా అక్కిడి సాలు మాత్రం నిలబడింది. కందికి వేరు లోతు. పైన తడి లేకపోతే కిందికి పోయి వెతుక్కుంటాది. ఆ ఏడంతా మా ఇంట్లో ఉడికింది ఆ కందులూ అలసందలే. ఊర్లో ఎవరన్నా అడిగితే మా నాయన "ఈ తూరి నా చేను ఎండిపాయప్పా" అనే చెప్పుకున్నాడు. ఎండింది నాయన చేను. మా కడుపులు నింపింది నా సాలు. ఆ మాట అప్పుడు అనే వయసు లేదు, ఇప్పుడంటాండాను.

ఇప్పుడు మా ఊర్లో ట్రాక్టరు గొర్రులొచ్చినాయి. ఇత్తనం పోసే చెయ్యి అక్కర్లేదు, వెనక మనిషి అక్కర్లేదు, అక్కిడి సాలు గూడా అక్కర్లేదన్నారు. చేనంతా ఒకటే పంట. వాన పోయిన ఏడు చేనంతా ఒకటేసారి ఎండుతాది, అదొక్కటి సులువైంది. మా మనవరాళ్లు ఫోన్లో చూసే కతల్లోనూ అంతే. మొన్న నాకొకటి చూపించినారు. ఎగిరేటోళ్లే అందరూ, ఒక్కొక్కడికీ ఒక్కొక్క దుప్పటి. "వీళ్లలో మరి ఎవురే?" అంటే, "మరి అంటే ఏంది జేజీ?" అన్నారు. తాడు పట్టుకునేటోడు ఒక్కడూ లేడు. అందరూ బావిలో పడితే లాగేదెవురో నాకు తెలీదు. ఆ కాలమే మంచిదని నేననను. ఆ కాలంలో నా పలకను గూట్లో పెట్టినారు. ఈ పిల్లలు పై చదువులు చదువుతాండారు, చదవనీ. నేననేది ఒక్కటే. వెనకాల నిలబడిన మనిషి అప్పుడు కనబడతా ఉన్నా పేరు లేకపాయ. ఇప్పుడు మనిషే లేకుండా పాయ.

సాయంత్రం మా అన్న లేచి మొహం కడుక్కోని, "ఏమంటావే?" అన్నాడు. "మధ్యాన్నం అన్నదే అంటాను" అన్నాను. "నీ మొండితనం మన జేజిది" అన్నాడు. "జేజిదైతే ఇంటిదే, బయటినుంచి తెచ్చింది కాదు కదా" అన్నాను. ఆ పూట ముద్ద మాత్రం తిన్నాడు, మజ్జిగలో పిసికిందే.

మర్నాడు పొద్దున కల్లాపి చల్లి, కాపీ పెట్టిచ్చి, ఆటో వచ్చినంక పెట్టెను నేనే ఎక్కించి దాని మీద కూర్చున్నాను. బీగంచెవి బొడ్లోనే ఉంది. మా అన్న డ్రైవరు పక్కన కూర్చున్నాడు. బడిలో కొత్త గది తలుపు పైన బోర్డు ఉంది: "దాత: తిప్పేస్వామి, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు." తలుపులకు పూయగా మిగిలిన రంగు డబ్బా, బ్రష్షు మూలనే ఉన్నాయి. మిగిలిన రంగు ఎండబెట్టి పారేసే బదులు వాడితే మేలు. టీచరమ్మను అడిగి కుర్చీ వేయించుకోని ఎక్కినాను. ఆ పిల్ల "పడతావవ్వా" అని కుర్చీ పట్టుకునింది. నా అక్షరాలు తలపాగాలు పెట్టుకోనే పడినాయి, నేను నేర్చుకుందే అట్లా. మా అన్న పేరు కింద రాసినాను: "మరి సుంకమ్మ."

"అవ్వా, 'మరియు' అని ఉండల్ల. 'యు' పడిపోయింది," అనింది టీచరమ్మ.

"పడిపోలేదమ్మా. నేనే వెయ్యలేదు."

మా అన్న పైకి చూసినాడు. పెదాలు కదిలినాయి, చదువుకున్నాడు. నేను దిగి బీగం తీసినాను.

పిల్లలు వచ్చి బండల మీద కూర్చున్నారు. "సార్, వీళ్లకు దీంట్లో ఒక కత చెప్పండి" అని టీచరమ్మ మా అన్నను అడిగింది. "పుస్తకాలు ఆమెవంట. కతలూ ఆమెవే అయ్యుంటాయి, ఆమెనే అడుగు" అని ఆయన వెనక పోయి గోడకానుకోని నిలబడినాడు. నేను ఆఖరు పుట లేని పుస్తకం తీసుకున్నాను. ఎత్తి బొమ్మ చూపించి, "దుప్పటిదొర పాడుబావిలో పడినాడు" అన్నాను. పిల్లలు నోరు తెరుచుకోని చూస్తాండారు గానీ ఊ కొట్టల్లని ఎవరికీ తెలీదు. నేను ఆగినాను. "పైనుంచి మరి తాడు వేసినాడు" అన్నాను.

వెనకనుంచి "ఊ" అని వినబడింది.

దగ్గినానంటాడు మా అన్న. ఊ కొట్టినాడనే నేను రాస్తాండాను.